బూస్టర్ పెట్టాక నాలుగు గీతలు వచ్చాయి, మాట మాత్రం ముక్కలైపోతోంది

తెనాలి_టు_టెక్సస్:

నమస్కారం అండీ. డాలస్‌కి ఉత్తరాన సెలైనాలో కొత్త ఇల్లు కొనుక్కుని ఎనిమిది నెలలైంది. వాకిట్లో నిలబడితే ఫోన్ బాగానే పనిచేస్తుంది. తలుపు దాటి లోపలికొస్తే ఒక్క గీత, మేడ మీద నా ఆఫీసు గదిలో అదీ లేదు. అందుకని బయటి సిగ్నల్‌ని పట్టి ఇంట్లో పెంచే బూస్టర్ ఒకటి కొన్నాం. ధర చెప్తే మా అమ్మ తిడుతుంది కాబట్టి ఇక్కడ కూడా చెప్పను.

పెట్టిన రోజు నాలుగు గీతలు చూసి పండగ చేసుకున్నాం. ఆ సాయంత్రమే నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయన ఇప్పటికీ బటన్ల ఫోనే వాడతారు, వాట్సాప్ ముట్టుకోరు. "ఏమ్మా, నూతిలోంచి మాట్లాడుతున్నావా?" అన్నారు. అవతల ఆయన గొంతు నాకు స్పష్టంగా వినిపిస్తోంది, వెనకాల కుక్కర్ కూతతో సహా. నా మాటే ఆయనకి ముక్కలుముక్కలుగా వెళ్తోంది. ఇండియా కాల్ కదా అని సరిపెట్టుకుందామంటే, ఇదే ఊళ్ళో ఉన్న పిల్లాడి డాక్టర్ ఆఫీసు వాళ్ళదీ అదే మాట.

నేను చూసినవి: ఐఫోన్‌లో *3001#12345#* కొడితే సిగ్నల్ అంకెలు వస్తాయని ఎవరో చెప్పారు. వాకిట్లో ఆర్‌ఎస్‌ఆర్‌పి (సిగ్నల్ బలం, సున్నాకి దగ్గరైన కొద్దీ మంచిది) మైనస్ 97. ఆఫీసు గదిలో బూస్టర్ ఆపితే మైనస్ 119, పెడితే మైనస్ 86. అంటే వాకిట్లో కంటే గదిలోనే మెరుగు! మరి మాటకేమైంది? బూస్టర్ మీద పచ్చ లైటు ఉంటుంది, అప్పుడప్పుడు నారింజ రంగులో మిణుకుమంటుంది. బయట పెట్టాల్సిన యాంటెనాని యాటిక్‌లో, అంటే పైకప్పు కింది అటకలో పెట్టాం. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) వాళ్ళకి దరఖాస్తు పెట్టే ఓపిక లేక. లోపలి ప్యానెల్ సరిగ్గా దాని కిందే, ఆఫీసు గది సీలింగ్‌కి ఉంది.

ఇంటి ఇంటర్నెట్ మీదుగా కాల్ వెళ్ళే వైఫై కాలింగ్ పెట్టుకోమని మాత్రం చెప్పకండి, దాని సంగతి తర్వాత చెప్తాను.

పాత_టవర్:

పదేళ్ళు హైదరాబాద్‌లో డ్రైవ్ టెస్ట్, అంటే బండిలో తిరుగుతూ సిగ్నల్ కొలిచే పని చేసి, ఇప్పుడు కాన్సస్‌లో ఇదే పనిలో ఉన్నాను. మీరు ఒక అంకె చూశారు, పక్కనే ఉన్న రెండోది వదిలేశారు. ఆర్‌ఎస్‌ఆర్‌పి అంటే సిగ్నల్ ఎంత గట్టిగా ఉందో చెప్పేది. ఎస్‌ఐఎన్‌ఆర్ అంటే ఎంత శుభ్రంగా ఉందో చెప్పేది, ఎక్కువుంటే మంచిది. బూస్టర్‌కి మంచిచెడూ తెలియదు, సిగ్నల్‌తో పాటు రొదని కూడా పెంచుతుంది. గీతలు మొదటిదాన్ని బట్టి వస్తాయి, మాట రెండోదాన్ని బట్టి ఉంటుంది. అది వాకిట్లో ఎంత, గదిలో ఎంత?

ఇక నారింజ లైటు. పెళ్ళి పందిట్లో మైకు పట్టుకుని స్పీకర్ ముందుకి వెళ్తే కుయ్యిమంటుంది చూడండి, మీ బూస్టర్ చేస్తున్నది అదే. లోపలి ప్యానెల్ వదిలిన సిగ్నల్‌ని పై యాంటెనా మళ్ళీ పట్టుకుంటోంది. ఇక్కడ ఇళ్ళకి అమ్మే బూస్టర్లు బాండ్‌ని (ఫోన్ వాడే ఫ్రీక్వెన్సీని) బట్టి సుమారు 65 నుంచి 72 డెసిబెళ్ళ దాకా పెంచుతాయి. రెండు యాంటెనాల మధ్య దూరం, గోడలు అన్నీ కలిపి అంతకంటే ఎక్కువ అడ్డు ఉండాలి. లేకపోతే కుయ్యిమనకుండా బూస్టర్ తన బలం తానే తగ్గించుకోవాలి, అలా తగ్గించుకునేలా చేయాలని అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2013లో రూలే పెట్టింది. తగ్గినప్పుడు మొదట దెబ్బ తినేది మీ ఫోన్ నుంచి టవర్‌కి వెళ్ళే దారి. టవర్ గొంతు పెద్దది, ఎలాగోలా మీ దాకా వస్తుంది. మీ ఫోన్ గొంతు చిన్నది. అందుకే కుక్కర్ కూత మీకు వినిపిస్తోంది, మీరు నూతిలో ఉన్నారు.

ఇంకొకటి. టెక్సస్ కొత్త ఇళ్ళలో పైకప్పు చెక్కకి లోపలివైపు వెండి రంగు ఫాయిల్ అంటించి ఉంటుంది, ఎండ వేడి దిగకుండా. మీ యాటిక్‌లో ఉందా? ఉంటే యాంటెనాకి టవర్ కనపడదు, మీ ప్యానెలే అద్దంలో చూసుకున్నట్టు కనపడుతుంది.

లక్ష్మివారం:

ఇంత కథ ఎందుకండీ, వైఫై కాలింగ్ ఆన్ చేస్తే పైసా ఖర్చు లేదు. మా ఇంట్లో నాలుగేళ్ళుగా అదే. అసలు మీ ఫోన్లో అది ఇప్పటికే ఆన్‌లో ఉందేమో చూడండి. బూస్టర్ వచ్చాక ఫోన్ కాసేపు వైఫైకి, కాసేపు టవర్‌కి దూకుతూ ఉంటే మధ్యలో మాట తెగుతుంది. ఏదో ఒకటి ఉంచండి.

తెనాలి_టు_టెక్సస్:

పాత_టవర్ గారూ, ఫాయిల్ ఉంది! పైకెక్కి చూస్తే మిలమిలా మెరుస్తోంది. ఎస్‌ఐఎన్‌ఆర్ వాకిట్లో 11, గదిలో బూస్టర్‌తో 1. నాలుగు గీతలు చూసి మోసపోయాను.

లక్ష్మివారం గారూ, వైఫై కాలింగ్ ఆపే ఉంచాను. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానప్పుడు మేము అర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. కరెంటు పోయింది, దాంతో ఇంటర్నెట్ పోయింది, బయట కారులో కూర్చుని ఫోన్ చార్జ్ చేసుకుంటూ నాన్నగారితో మాట్లాడాను. అప్పటి నుంచి మొత్తం ఇంటర్నెట్ మీదే పెట్టుకోవాలంటే నాకు టెన్షన్. కరెంటు లేకపోతే బూస్టర్ కూడా ఆగిపోతుంది కదా అంటారు. దాని అడాప్టర్ చిన్నదే, బ్యాటరీ బాక్స్ ఒకటి కొని ఉంచాను. తెనాలి అలవాటు, ఇంట్లో ఇన్వర్టర్ లేకపోతే నిద్ర పట్టదు.

పాత_టవర్:

సరే, ఇంకో ప్రశ్న. యాటిక్ నుంచి బూస్టర్ దాకా కేబుల్ ఏది వాడారు? కిట్‌లో వచ్చిందా?

తెనాలి_టు_టెక్సస్:

దొరికిపోయాను. కిట్ కేబుల్ లాగాలంటే గోడకి రంధ్రం చేయాలని, బిల్డర్ ముందే వేసి ఉంచిన టీవీ కేబుల్ కలిపేశాం. అది కింద అల్మారాలోకి దిగి, అక్కడ ఒక చిన్న ఇనుప డబ్బాలోంచి మళ్ళీ ఆఫీసు గదికి వస్తుంది.

పాత_టవర్:

ఆ ఇనుప డబ్బా పేరు స్ప్లిటర్, ఒక కేబుల్ సిగ్నల్‌ని రెండు మూడు కేబుళ్ళకి పంచేది. మామూలుది అయినా సగానికి పైగా సిగ్నల్ తినేస్తుంది. కేబుల్ టీవీ స్ప్లిటర్లు చాలావరకు 1000 మెగాహెర్ట్జ్ లోపలికే చేసినవి, మీ ఫోన్ 1900 మీద ఉంటే ఇంకా ఎక్కువ తింటుంది. పైగా పైనుంచి కిందకి, కింద నుంచి పైకి అంత పొడవు కేబుల్. ముందు అది తీసేయండి. యాంటెనా ఇంటి బయట, టవర్ ఉన్న వైపు గోడ మీద ఎత్తుగా పెట్టండి. లోపలి ప్యానెల్ దానికి వీపు చేసి దూరంగా ఉండాలి. ఏ వైపు పెట్టాలో తెలియకపోతే ఇంటి చుట్టూ తిరుగుతూ ఎస్‌ఐఎన్‌ఆర్ రాసుకోండి, గీతలు చూడొద్దు. అన్నట్టు, బూస్టర్‌ని మీ ఫోన్ కంపెనీ దగ్గర రిజిస్టర్ చేశారా? చేయాలి, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని.

ఖమ్మం_కుర్రాడు:

మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. మా అత్తగారి ఊళ్ళో కూడా ఇదే బాధ. ఆన్‌లైన్‌లో రెండున్నర వేలకి బూస్టర్ కనిపించింది, కొనొచ్చా అన్నా?

పాత_టవర్:

వద్దు తమ్ముడూ. అమెరికా కథ వేరు. మన దగ్గర లైసెన్సు లేకుండా అలాంటి పరికరం ఉంచుకోవడమే నేరం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం దగ్గర్నుంచి అంతే. 2022 జనవరిలో టెలికాం శాఖ మళ్ళీ ఒకసారి గట్టిగా చెప్పింది. రూల్ అని భయపెట్టడం కాదు, కారణం ఉంది. అమీర్‌పేటలో ఒక వీధి మొత్తం కాల్స్ పడిపోతుంటే మూడు రోజులు యాంటెనా పట్టుకుని సందుల్లో తిరిగాం. చివరికి ఒక హాస్టల్ మేడ మీద చవక బూస్టర్ దొరికింది. దానికి బలం తగ్గించుకోవడం తెలియదు, రాత్రింబవళ్ళు టవర్ చెవిలో కుయ్యిమంటూనే ఉంది. హాస్టల్ కుర్రాళ్ళకి మాత్రం ఫుల్ సిగ్నల్! మీ అత్తగారింట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ పెట్టండి, అక్కడ కంపెనీని బట్టి 2019 చివర్లోనో 2020 మొదట్లోనో వచ్చేసింది. లేకపోతే ఊళ్ళో నలుగురూ కలిసి ఫోన్ కంపెనీకి ఫిర్యాదు ఇవ్వండి. బూస్టర్ లాంటి రిపీటర్ పెడితే వాళ్ళే పెట్టాలి.

తెనాలి_టు_టెక్సస్:

మూడు వారాల తర్వాత వస్తున్నాను. హెచ్‌ఓఏ వాళ్ళు పెరటి వైపు అయితే సరేనన్నారు, వీధిలోకి కనపడకూడదట. అదృష్టం కొద్దీ మంచి అంకె వచ్చిందీ పెరటి గోడ దగ్గరే. కిట్ కేబుల్ నేరుగా లాగాం. రంధ్రం చేసినప్పుడు మావారి మొహం చూడాలి మీరు. స్ప్లిటర్ డ్రాయర్‌లో పడుంది. ప్యానెల్‌ని సీలింగ్ నుంచి తీసి వీధివైపు గోడకి మార్చాం.

ఇప్పుడు గదిలో మైనస్ 92, ఎస్‌ఐఎన్‌ఆర్ 9. గీతలు నాలుగు నుంచి మూడుకి తగ్గాయి, మాట మాత్రం గంట కొట్టినట్టుంది. నారింజ లైటు మళ్ళీ కనపడలేదు. రిజిస్టర్ కూడా చేశాను.

కానీ మావారి ఫోన్‌కి ఏమీ మారలేదు. ఆయనది వేరే కంపెనీ.

పాత_టవర్:

ఆయన ఫోన్‌లో అదే నంబరు కొట్టి బాండ్ ఎంతో చూడండి. 71 అని వస్తే అది 600 మెగాహెర్ట్జ్. మామూలు ఐదు బాండ్ల బూస్టర్లు దాన్ని ముట్టుకోవు.

తెనాలి_టు_టెక్సస్:

71. ఆయనకి వైఫై కాలింగ్ పెట్టేశాను. లక్ష్మివారం గారు నవ్వుకోవచ్చు.

నాన్నగారు నిన్న "ఇప్పుడు పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టుంది, కాస్త మెల్లగా మాట్లాడు" అన్నారు.