రివార్డు కార్డు ఎంచుకునేటప్పుడు ఇంటి ఖర్చునూ ప్రయాణాలనూ ఎలా లెక్కలోకి తీసుకోవాలి?

బాటసారి (ప్రశ్న):

ఇన్నాళ్ళూ ఒకే సాధారణ క్రెడిట్ కార్డు వాడుతూ వచ్చాను. ఇప్పుడు రివార్డులు ఇచ్చే కార్డుకు మారాలనుకుంటున్నాను గానీ, ప్రకటనలన్నీ చదివిన తరువాత ఏది దేనికన్నా మేలో తేల్చుకోవడం కష్టంగా ఉంది. మా ఖర్చులో పెద్ద భాగం ఇంటి సరుకులకు, ఆన్‌లైన్ కొనుగోళ్ళకు, బీమా ప్రీమియానికి, కరెంటు, ఫోను బిల్లులకు పోతుంది. విమాన టికెట్లకూ హోటళ్ళకూ అయ్యేది మొత్తంలో ఐదో వంతు ఉంటుంది. అదైనా పిల్లల సెలవుల్లో కుటుంబమంతా కలిసి విదేశానికి వెళ్ళే ఆ కొద్ది వారాల చుట్టూనే పడుతుంది. బిల్లు ప్రతి నెలా పూర్తిగా కట్టేస్తాను.

నా ముందు మూడు దారులు ఉన్నాయి. ఒకటి, వార్షిక రుసుము లేకుండా అన్ని ఖర్చుల మీదా ఒకటిన్నర శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే కార్డు. రెండవది, ఒక విమాన సంస్థ పేరుతో వచ్చే కో-బ్రాండెడ్ కార్డు. మూడవది, రుసుము ఎక్కువైనా విమానాశ్రయ లాంజ్ (విశ్రాంతి గది) ప్రవేశం, ప్రయాణ ఖర్చు మీద అదనపు పాయింట్లు ఇచ్చే ట్రావెల్ కార్డు. "ఐదు రెట్ల పాయింట్లు" వంటి మాటలకు డబ్బులో విలువ ఎంతో ఎలా కనుక్కోవాలి? మూడింటినీ ఒకే కొలత మీద పోల్చే పద్ధతి ఉంటే దయచేసి చెప్పగలరు.

చిట్టా (జవాబు):

కార్డుల జాబితాను పక్కన పెట్టి, ముందుగా మీ గత 12 నెలల స్టేట్‌మెంట్లను తీయండి. ఖర్చును పద్దులవారీగా విడదీసి ఏడాది మొత్తాలు రాసుకోండి. ఆ కాగితం చేతిలో ఉన్నప్పుడే ప్రకటనలోని అంకెలకు అర్థం వస్తుంది.

పాయింట్లకు డబ్బు విలువ కట్టడం కష్టమేమీ కాదు. నూరు ఖర్చుకు 4 పాయింట్లు వచ్చి, ఒక్కో పాయింటు విలువ పావు మాత్రమే అయితే మీకు దక్కేది 1 శాతం. నూరుకు 2 పాయింట్లే వచ్చినా ఒక్కో పాయింటు విలువ 1 అయితే దక్కేది 2 శాతం. కాబట్టి "ఎన్ని రెట్లు" అన్నది విలువ తెలిసేదాకా ఏమీ చెప్పని అంకె. పైగా అదే పాయింటును బిల్లులో సర్దుబాటు చేసుకుంటే ఒక విలువ, గిఫ్ట్ వోచర్‌గా మార్చుకుంటే ఒక విలువ, విమాన మైళ్ళుగా (టికెట్ల కోసం విమాన సంస్థ ఖాతాలో జమయ్యే పాయింట్లుగా) మార్చుకుంటే మరో విలువ ఉంటుంది. బ్యాంకు చూపించే అత్యధిక విలువను కాకుండా, మీరు నిజంగా వాడుకోబోయే పద్ధతిలో వచ్చే విలువనే లెక్కలో వేయండి.

ఉదాహరణకు ఏడాది ఖర్చు 5,00,000 అనుకుందాం, ఏ దేశపు కరెన్సీ అయినా సరే. క్యాష్‌బ్యాక్ కార్డు మీద 1.5 శాతం చొప్పున 7,500 వస్తుంది. ట్రావెల్ కార్డు ప్రయాణాల మీద 4 శాతం, మిగతా వాటి మీద 1 శాతం ఇచ్చి, 5,000 రుసుము తీసుకుంటుందనుకుంటే, 1,00,000 ప్రయాణ ఖర్చుకు 4,000, మిగిలిన 4,00,000కు 4,000, వెరసి 8,000. రుసుము పోను చేతికి మిగిలేది 3,000. అంటే లాంజ్ వంటి మిగతా సౌకర్యాలు మీ వరకు కనీసం 4,500 విలువ చేస్తేనే ట్రావెల్ కార్డు, క్యాష్‌బ్యాక్ కార్డుకు సమానమవుతుంది.

ఇక్కడితో ఆగకండి. చాలా కార్డులు బీమా, అద్దె, పన్నులు, ఇంధనం, వాలెట్‌లో వేసుకునే డబ్బు వంటి వాటి మీద పాయింట్లు ఇవ్వవు, లేదా తగ్గించి ఇస్తాయి. పై ఉదాహరణలో 1,50,000 బీమాకూ బిల్లులకూ పోయి, ట్రావెల్ కార్డు వాటికి ఏమీ ఇవ్వకపోతే నికరంగా మిగిలేది 1,500 మాత్రమే. క్యాష్‌బ్యాక్ కార్డులోనూ ఇలాంటి మినహాయింపులు, నెలవారీ పరిమితులు ఉంటాయి గనుక రెండింటి నిబంధనలనూ ఒకే శ్రద్ధతో చదవాలి. మరొక సంగతి, ఏ ఖర్చు ఏ వర్గంలోకి వస్తుందో నిర్ణయించేది మీరు కొన్న వస్తువు కాదు, ఆ వ్యాపారికి కేటాయించిన నాలుగు అంకెల మర్చంట్ కేటగిరీ కోడ్. పెద్ద దుకాణంలో సరుకులు కొన్నా దాని కోడ్ వేరే వర్గానిదైతే సరుకుల రివార్డు రాదు.

రన్‌వే (జవాబు):

పై లెక్కతో ఏకీభవిస్తాను గానీ, మైళ్ళ విషయంలో కొంత చేర్చాలి. పాయింట్లను విమాన సంస్థకు బదిలీ చేసి టికెట్ తీసుకుంటే విలువ బాగా పెరిగే సందర్భాలు నిజంగానే ఉన్నాయి. దాన్ని కొలవడానికి, టికెట్ ధర నుంచి పాయింట్ల టికెట్‌పై ఎలాగూ కట్టవలసిన పన్నులనూ సర్‌చార్జీలనూ తీసివేసి, మిగిలినదాన్ని పాయింట్ల సంఖ్యతో భాగించండి. 20,000 టికెట్‌కు 4,000 పన్ను కట్టి 16,000 పాయింట్లు ఇస్తే, పాయింటు విలువ 1. అయితే పోల్చవలసింది మీరు డబ్బు పెట్టి కొనే టికెట్‌తోనే. ఎకానమీలో వెళ్ళే కుటుంబం బిజినెస్ క్లాసు ధరతో భాగిస్తే వచ్చే పెద్ద అంకె వల్ల ఇంటికి ఒరిగేదేమీ లేదు.

మీ పరిస్థితిలో నాకు కనిపించే అసలు ఇబ్బంది తేదీలు. పాయింట్లతో ఇచ్చే సీట్లు పరిమితం. పిల్లల సెలవుల్లో, అందులోనూ ఒకే విమానంలో కుటుంబానికంతటికీ దొరకడం చాలా కష్టం. ప్రయాణ తేదీలను అటూ ఇటూ జరుపుకోగలవారికే మైళ్ళ మార్గం ఎక్కువగా కలిసివస్తుంది.

కో-బ్రాండెడ్ కార్డు, మీరు ఎలాగూ ఆ సంస్థ విమానాల్లోనే తిరిగేవారైతే తప్ప తీసుకోవద్దని నా అభిప్రాయం. విమాన సంస్థల కూటములైన స్టార్ అలయన్స్ 1997లో, వన్‌వరల్డ్ 1999లో, స్కైటీమ్ 2000లో ఏర్పడిన తరువాత ఒక సంస్థ మైళ్ళతో దాని భాగస్వాముల విమానాల్లోనూ ప్రయాణించే వీలు పెరిగిన మాట నిజమే. అయినా మైళ్ళు ఆ ఒక్క సంస్థ ఖాతాలోనే ఉంటాయి. ఆ సంస్థ ఒక టికెట్‌కు కావలసిన మైళ్ళను పెంచేస్తే మీరు చేయగలిగింది ఉండదు. బ్యాంకు దగ్గరే ఉండి అనేక సంస్థలకు బదిలీ చేయగలిగే పాయింట్లు ఇంతకంటే నయం. ఆ బదిలీ కూడా సాధారణంగా వెనక్కి తీసుకోలేనిది కాబట్టి, సీటు ఉందని కళ్ళారా చూసిన తరువాతే చేయాలి. పాయింట్లకు వడ్డీ రాదు, విలువ తగ్గే ప్రమాదం మాత్రం ఉంది. ఏళ్ళ తరబడి కూడబెట్టవద్దు.

సరిహద్దు (జవాబు):

విదేశీ ప్రయాణం ఉన్నదన్నారు గనుక, రివార్డు శాతం కంటే ముందు చూడవలసిన అంకె ఒకటి ఉంది: ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో జరిగే ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము. చాలా కార్డులకు ఇది 2 నుంచి 3.5 శాతం మధ్య ఉంటుంది. మార్కప్ 3 శాతం ఉన్న కార్డు మీద ఒకటిన్నర శాతం క్యాష్‌బ్యాక్ వచ్చినా, విదేశంలో పెట్టిన ప్రతి నూరుకూ మీకు ఒకటిన్నర నష్టమే. విదేశీ వెబ్‌సైటులో ఇంట్లో కూర్చుని హోటల్ బుక్ చేసినా ఇది వర్తిస్తుంది. వ్యాపారి వేరే దేశంలో నమోదై ఉంటే, ధర మీ కరెన్సీలో కనిపించినా కొన్ని బ్యాంకులు రుసుము వేస్తాయి. మార్కప్ లేని కార్డులు ఉన్నాయి, వాటిలో కొన్నింటికి వార్షిక రుసుము కూడా ఉండదు. అటువంటిది ఒకటి ప్రయాణాల కోసం విడిగా ఉంచుకోవడం అన్నింటికంటే ఉపయోగం.

ఆ కార్డు ఉన్నా కౌంటరు దగ్గర జాగ్రత్త అవసరం. అక్కడి మెషిన్ "మీ దేశపు కరెన్సీలో కడతారా, ఇక్కడి కరెన్సీలోనా" అని అడుగుతుంది. మన కరెన్సీలో మొత్తం కనిపిస్తే మనసుకు ధైర్యంగా ఉంటుంది గానీ, అలా మార్చేటప్పుడు వాడే రేటులో వ్యాపారి తరఫు వారి లాభం కలిసి ఉంటుంది. దీన్నే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. అప్పుడు వీసా లేదా మాస్టర్‌కార్డ్ రేటు వర్తిస్తుంది, ఆ రేట్లను వారి వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు మాత్రం తీయవద్దు. దానికి విడిగా రుసుము, మొదటి రోజు నుంచే వడ్డీ ఉంటాయి, పాయింట్లు రావు.

గడువు తేదీ (జవాబు):

పూర్తి బిల్లు కడతానన్నారు, సంతోషం. ఆటోమేటిక్ చెల్లింపు పెట్టుకునేటప్పుడు "కనీస మొత్తం" కాకుండా "పూర్తి మొత్తం" ఎంచుకున్నారో లేదో ఒకసారి చూసుకోండి. ఒక్క నెల బాకీ మిగిలినా, చాలా కార్డులలో కొత్త కొనుగోళ్ళకు ఉండే వడ్డీ లేని గడువు కూడా పోతుంది. ఏడాదికి 24 శాతం వడ్డీ అంటే నెలకు 2 శాతం. ఒకటిన్నర శాతం రివార్డు ఆ ఒక్క నెలలోనే ఆవిరైపోతుంది.

బాటసారి:

అందరికీ ధన్యవాదాలు. స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని లెక్క వేశాను. నేను చూసిన ట్రావెల్ కార్డులో బీమా, బిల్లులు రెండూ మినహాయింపుల జాబితాలోనే ఉన్నాయి. తేదీలు మార్చుకునే వీలు మాకు లేదు. అందువల్ల క్యాష్‌బ్యాక్ కార్డు, దానికి తోడుగా మార్కప్ లేని మరొక కార్డు తీసుకోవాలని అనుకుంటున్నాను. అయితే ట్రావెల్ కార్డు కొత్తగా తీసుకున్నవారికి ఇచ్చే వెల్‌కమ్ బోనస్ మొదటి ఏడాది రుసుముకు రెట్టింపు విలువ చేస్తోంది. దాన్ని వదులుకోవడం సరైనదేనా?

చిట్టా:

బోనస్ మొదటి ఏడాదికే వస్తుంది గనుక మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ వేర్వేరుగా లెక్క కట్టండి. బోనస్ రావాలంటే ఇంత ఖర్చు చేయాలని బ్యాంకు పెట్టిన లక్ష్యం మీ మామూలు ఖర్చుతోనే గడువులోగా పూర్తవుతుందా అన్నది మొదటి ప్రశ్న. దాని కోసం అవసరం లేనివి కొనవలసి వస్తే ఆ బోనస్‌ను మీ సొంత డబ్బుతో కొన్నట్టే. మినహాయింపు ఉన్న ఖర్చులు, వెనక్కి ఇచ్చేసిన వస్తువులు సాధారణంగా ఆ లక్ష్యంలోకి రావు.

లాంజ్ ఉచితమన్న చోట, అది కార్డుదారుకు మాత్రమేనా, భార్యాపిల్లలకూ వర్తిస్తుందా, ముందు నెలల్లో ఇంత ఖర్చు చేసి ఉండాలన్న షరతు ఉందా అని చూడండి. ప్రయాణ బీమా అయితే, చాలా చోట్ల టికెట్‌ను ఆ కార్డుతోనే కొని ఉంటేనే వర్తిస్తుంది.

లక్ష్యం సులభంగా పూర్తయ్యేటట్టుంటే ఒక ఏడాదికి తీసుకోవడంలో తప్పు లేదు. రెండో ఏడాది రుసుము పడే తేదీని ఇప్పుడే రాసి పెట్టుకుని, దానికి నెల ముందు రుసుము మాఫీ చేస్తారేమో బ్యాంకును అడగండి. కాదంటే రుసుము లేని కార్డుకు మార్చమనండి, లేదా మూసివేయండి. మూసివేసేటట్టయితే ముందుగా పాయింట్లన్నీ వాడేయండి, ఎందుకంటే ఖాతా మూసిన తరువాత మిగిలిన పాయింట్లు సాధారణంగా రద్దయిపోతాయి.