నడుము దగ్గర నరాల దారి ఇరుకైతే ఏ ఆపరేషన్ మేలు?

ప్రశ్న (అనంతపురం): మా నాన్నగారికి 68 ఏళ్లు. చేను గట్టు మీద వంద అడుగులు వేసేసరికి పిక్కలు బరువెక్కి కూర్చుండిపోతారు; సైకిలు హ్యాండిలు మీదికి వంగి తోసుకుంటూ అయితే ఊరిదాకా నడుస్తారు. ఎమ్మారైలో నడుము నాలుగు, ఐదు పూసల మధ్య ఇరుకు కనిపించింది. ఒక డాక్టరుగారు ఎముక తీస్తే చాలన్నారు, మరొకరు స్క్రూలు కూడా వేయాలన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు (కర్నూలు): ముందుకు వంగినప్పుడు ఆ దారి కొంత తెరుచుకుంటుంది, సైకిలుతో హాయిగా ఉండటం అందుకేనండి. లామినెక్టమీలో పూస వెనుక భాగపు ఎముకను, మందమెక్కిన లిగమెంటును (పూసలను కలిపి ఉంచే పట్టీని) తీసి నరాలపై ఒత్తిడి తగ్గిస్తారు. స్క్రూలు, రాడ్లతో పూసలను అతికించే ఫ్యూజన్ ప్రధానంగా పూస బాగా జారినప్పుడు, కదలిక అదుపు తప్పినప్పుడు అవసరపడుతుంది. 2016లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో, ఎముక తొలగింపుకు ఫ్యూజన్ జోడించినా రెండేళ్ల తర్వాత అదనపు మేలు కనిపించలేదు. కాబట్టి పూస జారుతోందో లేదో తెలిసేలా నాన్నగారిని ముందుకూ వెనక్కూ వంచి తీసిన ఎక్స్‌రేలు చూపించి, స్క్రూలు ఎందుకో ఆ రెండో డాక్టరుగారినే అడగండి.

జవాబు (కడప): మా అమ్మకు లామినెక్టమీ చేయించాము. కాళ్ల లాగుడు తగ్గింది, నడుము నొప్పి మాత్రం కొంత మిగిలింది. ఆ సంగతి మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా, ఆపరేషన్ తేదీ కోసం చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.