కుందేలు బాగానే ఉంది, అయినా డాక్టర్‌కి చూపించాలా?

బెజవాడ బుడ్డోడు:
మా ఇంట్లో రెండేళ్ల ఆడ కుందేలు ఉంది, పేరు జున్ను. తింటోంది, గెంతుతోంది, ఛార్జర్ వైర్లు కొరికేస్తోంది, అంటే బాగానే ఉన్నట్టే కదా. మా ఆవిడేమో ఏడాదికోసారైనా చెకప్ చేయించాలని పట్టుబట్టింది. సరేనని పోయిన నెల దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే ఆయన బుట్టలోంచి బయటికైనా తీయకుండా "బానే ఉందండీ" అని 300 తీసుకుని పంపేశారు. ఈ మాత్రం దానికి మళ్లీ వెళ్లాలా? టీకాలు ఏమైనా ఉంటాయా? ఊరు విజయవాడ.

రేగుపండు:
బుట్టలోంచి తీయకపోతే అది చెకప్ కాదండీ. కుందేలు జబ్బు చేసినా బయటపడదు, అడవిలో నీరసంగా కనిపించినదాన్నే ముందు పట్టుకుపోతాయి కదా, ఆ భయం ఇంట్లో పెరిగినా పోదు. మా మొదటి కుందేలు కొత్తిమీర తింటోందిగా అని మేం నిశ్చింతగా ఉన్నాం, గడ్డి మానేసిన సంగతి పట్టించుకోలేదు. గడ్డం కింద తడి చూసి తీసుకెళ్లేసరికి దవడ పళ్లు మొనదేలి నాలుక కోసుకుపోయింది. వాటి పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లయితే వారానికి దాదాపు 2 మిల్లీమీటర్లు, గడ్డి నమిలితేనే అరుగుతాయి. ముందు పళ్లు మనకే కనిపిస్తాయి, దవడ పళ్లు చూడాలంటే డాక్టర్ చెవిలో చూసే లైటు గొట్టం లాంటిది నోట్లో పెట్టాల్సిందే. తూకం వేయాలి, పొట్ట తడమాలి, చెవుల్లో గజ్జి పురుగులున్నాయా, అరికాళ్లు ఒరుసుకుపోయాయా, తోక కింద శుభ్రంగా ఉందా చూడాలి. ఇవి చేయకపోతే మీరే అడగండి, మొహమాటం వద్దు.

గన్నవరం రోడ్డు:
డాక్టర్ని కాదు, తమ్ముడు వెటర్నరీ చదివాడు, వాడి దగ్గర విన్నదే చెప్తున్నా. వెళ్లేముందు ఫోన్ చేసి "ఆపరేషన్ అయితే పస్తు ఉంచి తేవాలా" అని అడగండి, ఆయనకి కుందేళ్ల గురించి తెలుసో లేదో ఆ జవాబులోనే తెలిసిపోతుంది. కుక్కకి ఉంచుతారు, కుందేలుకి అక్కర్లేదు, దానికి వాంతి కాదు, పైగా తిండి ఆగితే పేగుల కదలికే ఆగిపోతుంది. ఇంకోటి, అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇవ్వనివ్వకండి, కడుపులో మంచి బ్యాక్టీరియా చచ్చి ప్రాణం మీదికొస్తుంది. కుక్కలకి పేల కోసం మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కూడా దీనికి విషమే. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మీకు దగ్గరే, అక్కడ అడిగి చూడండి. ఎండ ఎక్కకముందే వెళ్లండి, కుందేలు వేడిని అస్సలు తట్టుకోలేదు. ఆడది కాబట్టి గర్భసంచి ఆపరేషన్ గురించీ మాట్లాడండి, వయసు పైబడిన ఆడ కుందేళ్లకి అక్కడ క్యాన్సర్ బాగా ఎక్కువ.

లెస్టర్ అక్క:
నేను యూకేలో ఉంటాను. ఇక్కడ మిక్సోమటోసిస్ అనే వైరస్ జబ్బుకి, ఆర్‌హెచ్‌డీ అనే రక్తస్రావ జబ్బుకి ఏటా టీకా వేస్తారు, ఆ వంకతోనే చెకప్ కూడా అయిపోతుంది. ఇండియాలో మామూలుగా ఇవి వేయరు కదా, అందుకే ఏడాదికోసారి అన్నది మీరే గుర్తుపెట్టుకోవాలి, అయిదేళ్లు దాటాక రెండుసార్లు. ఈలోపు ఎప్పుడైనా పది పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు రాకపోయినా తెల్లారేదాకా ఆగకండి.

బెజవాడ బుడ్డోడు:
ముగ్గురు డాక్టర్లకి ఫోన్ చేశా. ఒకాయన రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నారు, థాంక్సండీ అని పెట్టేశా. మంగళవారం పొద్దున్నే గన్నవరం వెళ్తున్నాం. వంటింటి కాటా మీద కూర్చోబెడితే మూడుసార్లు దూకేశాక 1.7 కిలోలు చూపించింది. కానీ ఇది క్యారెట్లూ బిస్కెట్లే తింటుంది, గడ్డి ముట్టదు. ఆన్‌లైన్‌లో కుందేళ్లకని అమ్మే టిమోతి అనే ఎండుగడ్డి ధర చూస్తే కళ్లు తిరిగాయి.

రేగుపండు:
అయితే పళ్లు కచ్చితంగా చూపించండి. బిస్కెట్లు ఇవాళే ఆపేయండి, క్యారెట్ ఎప్పుడైనా ఓ చిన్న ముక్క చాలు. టిమోతి లేకపోతే గరిక ఉంది కదా, పురుగుమందు కొట్టని చోట, కుక్కలు తిరగని చోట కోసి, కడిగి, కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. మిగిలింది నీడలో ఆరబెట్టి దాచుకోండి. వినాయకుడికి పెట్టేదే, దీనికీ పెట్టండి.