వైస్ సిటీ, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, ప్రిన్స్: మూడూ మొండికేశాయి

పాతడిస్కు: లాప్‌టాప్‌లో విండోస్ 11 64 బిట్. పాత గేమ్ జీటీఏ వైస్ సిటీ ఒరిజినల్ డిస్కు పెట్టి ఐకాన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. డాస్ కాలం నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా అసలు తెరుచుకోదు. డెస్క్‌టాప్ విండోస్ 7, దాంట్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 వస్తోంది గానీ గడ్డి ఎర్రగా, నీళ్లు వంకాయ రంగులో ఉన్నాయి. ఎక్స్‌పీ కంపాటిబిలిటీ, అడ్మిన్‌గా నడపడం అన్నీ అయ్యాయి. ఏం చేయాలి?

రంగులరాట్నం: రంగుల సంగతి నేను చెప్తా. ఆ గేమ్‌ది 256 రంగుల ప్యాలెట్ (రంగుల పట్టిక). వెనకాల ఎక్స్‌ప్లోరర్ (డెస్క్‌టాప్, టాస్క్‌బార్ చూపించే విండోస్ ప్రోగ్రాం) అందులో తన రంగులు దూరుస్తుంది. నోట్‌ప్యాడ్‌లో మూడు లైన్ల బ్యాచ్ ఫైల్ (కమాండ్ల ఫైల్) రాయండి: ముందు టాస్క్‌కిల్‌తో ఎక్స్‌ప్లోరర్‌ని ఆపడం, తర్వాత గేమ్, చివర మళ్లీ ఎక్స్‌ప్లోరర్. మూడో లైన్ మర్చిపోతే గేమ్ మూశాక టాస్క్‌బార్ ఉండదు, కంగారుపడొద్దు.

డీఎల్ఎల్_దొర: ఇంకా ఎక్స్‌ప్లోరర్ చంపే కాలంలోనే ఉన్నారా? సీఎన్‌సీ-డీడ్రా అని పాత గేమ్‌ల డిస్‌ప్లేని సరిచేసే టూల్ ఉంది. డీడ్రా డీఎల్ఎల్, దాని ఐఎన్ఐ ఫైల్ రెండూ గేమ్ ఈఎక్స్ఈ పక్కన వేస్తే చాలు. ఆ గేమ్ ఎక్స్‌పాన్షన్ కాంకరర్స్‌ది వేరే ఈఎక్స్ఈ, లోపల ఇంకో ఫోల్డర్‌లో ఉంటుంది, అక్కడా వేయాలి. సగం మంది పైఫోల్డర్‌లో వేసి "పన్జేయట్లేదు" అని వస్తారు.

గల్లీగేమర్: వైస్ సిటీ ముచ్చట ఎవరూ చెప్తలేరేంది? అది సేఫ్‌డిస్క్ లాక్ భయ్, కాపీ డిస్కులని ఆపేది. డిస్కు అసలుదా కాదా చూసే సెక్‌డ్రివ్ డ్రైవర్‌ని విండోస్ 10 నుంచే తీసేసిన్రు. కంపాటిబిలిటీ ఎన్నిసార్లు నొక్కినా లేని డ్రైవర్ రాదు. నో-సీడీ ఈఎక్స్ఈ (డిస్కు అడగకుండ ఎవరో మార్చిన ఫైల్) ఏస్కో, అయిపాయె.

డీఎల్ఎల్_దొర: అలాంటి ఈఎక్స్ఈల్లో ఏం కలిపారో తెలీదు. సెక్‌డ్రివ్‌నే టెస్ట్ సైనింగ్ (అధికారిక సంతకం లేని డ్రైవర్లనీ ఒప్పుకునే విండోస్ మోడ్) ఆన్ చేసి ఎక్కించుకోవచ్చు.

మదర్‌బోర్డు: దొరగారూ, ఆ సలహా వెనక్కి తీసుకోండి. డ్రైవర్ సంతకాల కాపలా తీసేసి, లోపాలున్నాయని పక్కన పెట్టిన డ్రైవర్‌ని కెర్నెల్‌లోకి, అంటే విండోస్ గుండెకాయలోకి, ఎక్కించమంటారా? 2015 సెప్టెంబర్ అప్‌డేట్ విండోస్ 7లో కూడా దాన్ని ఆపింది ఆ భద్రత కోసమే. 7లో అయితే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో సెక్‌డ్రివ్ సర్వీస్‌ని డిమాండ్‌కి (అడిగినప్పుడే నడిచేలా) మార్చి, స్టార్ట్ చేసి, ఆట అయ్యాక ఆపేయొచ్చు. 11లో సేఫ్‌డిస్క్‌షిమ్ అనే టూల్ చూడండి. డ్రైవర్ లేకుండానే దాని జవాబులు తను ఇస్తుంది. డిస్కు మాత్రం డ్రైవ్‌లో ఉండాల్సిందే.

డీఎల్ఎల్_దొర: పదేళ్లుగా ఇదే పని చేస్తున్నా. నాకు కెర్నెల్ పాఠాలొద్దు.

గల్లీగేమర్: పదేండ్లు చేసి టెస్ట్ సైనింగ్ చెప్తున్నవా అన్నా 😄 నా నో-సీడీయే నయం.

మదర్‌బోర్డు: అదీ నయం కాదు తమ్ముడూ.

ప్యాచ్‌పంతులు: లాక్ దాటాక "640x480 వీడియో మోడ్ దొరకలేదు" అనొచ్చు. సైలెంట్‌ప్యాచ్ (జీటీఏ గేమ్‌ల లోపాలు సరిచేసే ప్యాచ్) వేయండి, మీ స్క్రీన్ రిజల్యూషన్ అదే తీసుకుంటుంది. గేమ్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టకండి. అక్కడ రాసినవి వర్చువల్‌స్టోర్ అనే వేరే ఫోల్డర్‌లోకి పోతాయి, మార్చిన ఫైల్ ఒకటి, చదివేది ఇంకొకటి. ఫ్రేమ్ లిమిటర్ (సెకనుకి ఇన్ని ఫ్రేమ్‌లే అని పరిమితి పెట్టే సెట్టింగ్) జోలికి పోవద్దు.

గల్లీగేమర్: లిమిటర్ తీస్తేనే స్మూత్ ఉంటది గదా?

ప్యాచ్‌పంతులు: ఇదే జీటీఏ సిరీస్ శాన్ ఆండ్రియాస్‌లో తీసి ఈత కొట్టి చూడండి, హీరో సీజే నీళ్లలో నత్తలా కదుల్తాడు. గేమ్ లెక్కలు ఫ్రేమ్‌లకి ముడిపడి ఉన్నాయి. శాన్ ఆండ్రియాస్ మొదట్లోనే క్రాష్ అవుతుంటే డాక్యుమెంట్స్‌లో యూజర్ ఫైల్స్ ఫోల్డర్ తెరిచి జీటీఏ_ఎస్ఏ డాట్ సెట్ ఒక్కటే డిలీట్ చేయండి, సేవ్‌లు పోవు.

రంగులరాట్నం: ఏదైనా గేమ్ d3dx9 ఫైల్ (డైరెక్ట్ఎక్స్ 9 నాటి డీఎల్ఎల్) లేదంటే? డైరెక్ట్ఎక్స్ 12 ఉంది కదా మనకి.

ప్యాచ్‌పంతులు: 12లో అవి రావు. డైరెక్ట్ఎక్స్ 2010 జూన్ రీడిస్ట్రిబ్యూటబుల్ వేయాలి, ఉన్నవి చెడవు. ఒక్క డీఎల్ఎల్‌ని ఏ సైటు నుంచో తెచ్చి సిస్టమ్32లో పడేయకండి.

పాతడిస్కు: షిమ్‌తో వైస్ సిటీ వచ్చింది! ప్రిన్స్?

మదర్‌బోర్డు: 64 బిట్ విండోస్‌లో ప్రిన్స్ లాంటి 16 బిట్ ప్రోగ్రాంలు నడవవు. డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో గేమ్ ఫోల్డర్‌ని సి డ్రైవ్‌గా మౌంట్ చేసి నడపండి. నెమ్మదిస్తే కంట్రోల్ ఎఫ్12, పరిగెడితే కంట్రోల్ ఎఫ్11.

గల్లీగేమర్: గదే డాస్‌బాక్స్‌ల డేంజరస్ డేవ్ గేమ్ గూడ నడుస్తదా?