గిట్ రిపో లోపలి సంగతులు బొమ్మలా చూపించే టూల్ ఏదైనా ఉందా?

కొత్తబ్రాంచి: రెండేళ్లుగా కోడ్ మార్పుల చరిత్ర దాచుకోడానికి గిట్ వాడుతున్నా, కమిట్ (మార్పుల్ని చరిత్రలో సేవ్ చేయడం), పుష్, పుల్ వరకు ఇబ్బంది లేదు. మొన్న రీబేస్ (కమిట్లని వేరే కమిట్ మీద మళ్లీ పేర్చడం) చేశాక నా నాలుగు కమిట్లు కనిపించకుండా పోయాయి, రోజంతా టెన్షన్, చివరికి గిట్ రాసిపెట్టుకునే పాత కదలికల చిట్టా, అదే రీఫ్లాగ్‌లో దొరికాయి గానీ అంతసేపూ అవి ఎక్కడున్నాయో ఇప్పటికీ బుర్రకెక్కలేదు. గిట్‌-కే అనే చరిత్ర చూపే టూల్ తెరిస్తే కమిట్ల గీతలే కనిపిస్తున్నాయి. బ్లాబ్ (ఫైల్ లోపలి సరుకు), ట్రీ (ఫోల్డర్‌లో ఏమున్నాయో చెప్పే జాబితా) అంటారే, అవి చూడాలంటే ఎలా?

బొమ్మలపిచ్చి: గోర్స్ చూడండి, అదిరిపోతుంది.

పాతకమిట్: గోర్స్ బాగానే ఉంటుంది కానీ అది ఎవరు ఏ ఫైల్ ఎప్పుడు ముట్టుకున్నారో యానిమేషన్‌లా చూపిస్తుంది, అంతే. మీరు అడిగింది అది కాదు. ముందు ఓ ఖాళీ ఫోల్డర్‌లో గిట్ ఇనిట్ కొట్టి, ఒక చిన్న ఫైల్ పెట్టి యాడ్ చేయండి. డాట్ గిట్ అనే దాచిన ఫోల్డర్ లోపల ఆబ్జెక్ట్స్‌లో రెండక్షరాల పేరుతో ఫోల్డర్, దానిలో 38 అక్షరాల పేరుతో ఫైల్ పుడతాయి, ఆ 40 కలిపితే హ్యాష్, అంటే లోపలి సరుకు నుంచి లెక్కగట్టిన గుర్తు. అదే బ్లాబ్, ఇంకా కమిట్ చేయనేలేదు చూడండి! క్యాట్-ఫైల్‌కి మైనస్ పి పెట్టి ఆ హ్యాష్ ఇస్తే మీరు రాసిందే బయటికొస్తుంది. కమిట్ చేస్తే ట్రీ ఒకటి, కమిట్ ఒకటి చేరి మొత్తం మూడవుతాయి. ఇప్పుడు అదే ఫైల్‌ని ఇంకో పేరుతో కాపీ చేసి యాడ్ చేయండి, కొత్త బ్లాబ్ రాదు, ఎందుకంటే ఫైల్ పేరు ఉండేది ట్రీలో. నాకు గిట్ అర్థమైంది అక్కడే.

గీతలగోల: పైవారు చెప్పింది చేశాక, క్యాట్-ఫైల్‌లోనే బ్యాచ్-ఆల్-ఆబ్జెక్ట్స్, బ్యాచ్-చెక్ అని రెండు ఆప్షన్లున్నాయి, కలిపి ఇస్తే అన్ని ఆబ్జెక్టుల రకం, సైజు వస్తాయి. దాన్నుంచి చిన్న స్క్రిప్ట్‌తో డాట్ ఫైల్ (ఏది దేనికి కలుస్తుందో రాసే ఫైల్) రాసి, దాన్ని బొమ్మగా గీసే గ్రాఫ్‌విజ్‌కి ఇవ్వండి. ఆఫీసు రిపో మీద మాత్రం చేయకండి, నేను చేశా, చిక్కుపడ్డ నూలుండలా వచ్చింది.

ఇక మీ నాలుగు కమిట్లు ఎక్కడికీ పోలేదు. బ్రాంచి అంటే ఒక కమిట్ హ్యాష్‌కి పెట్టిన పేరే, రీబేస్ కొత్త కమిట్లు తయారుచేసి ఆ పేరుని వాటి మీదికి జరుపుతుంది, పాతవి అక్కడే ఉంటాయి. సెట్టింగులు మార్చకపోతే అలాంటివాటిని రీఫ్లాగ్ 30 రోజులు గుర్తుపెట్టుకుంటుంది. గిట్ లాగ్‌కి గ్రాఫ్, వన్‌లైన్, ఆల్‌తో పాటు రీఫ్లాగ్ అనే ఆప్షన్ కూడా ఇచ్చి చూడండి.

కొత్తబ్రాంచి: ఇప్పుడే కొట్టా. పాత నాలుగూ ఒక కొమ్మ మీద, కొత్త నాలుగూ పక్క కొమ్మ మీద ఉన్నాయండీ, మెసేజ్‌లు అవే, హ్యాష్‌లు మాత్రం వేరు!