అప్‌డేట్: ఆ రెండు గొంతుల గొడవ తేలింది

పోయిన వారం అడిగాను కదా, ఇంగ్లీష్ రాక్ బ్యాండ్ ‘యెస్’ 1972 పాట ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ మూడో భాగంలో మాటలు ఎంత విన్నా ఎందుకు పట్టుబడట్లేదని. నా చెవులదే తప్పనుకున్నాను, కాదు. అక్కడ ప్రధాన గాయకుడు జాన్ ఆండర్సన్ ఒకటి పాడుతుంటే వెనక బ్యాండ్‌లోని బేస్, గిటార్ వాయించే క్రిస్ స్క్వైర్, స్టీవ్ హౌ వేరే మాటలు పాడుతున్నారు, నేనేమో రెండూ కలిపి ఒకే వాక్యంగా రాసుకుంటూ కూర్చున్నా! మీరు చెప్పినట్టే 2013 నాటి స్టీవెన్ విల్సన్ రీమిక్స్ (పాత రికార్డింగులనే మళ్ళీ కొత్తగా కలిపి చేసింది) హెడ్‌ఫోన్స్‌లో విన్నాను, గొంతులు విడివిడిగా తెలిశాయి. అర్థం సంగతికొస్తే, దీనికి ప్రేరణ హెర్మన్ హెస్సే నవల ‘సిద్ధార్థ’ అని తెలిశాక పాటలో వచ్చే ఆ నది గొడవ కాస్త బోధపడింది, మొదటి చరణం మాత్రం ఇప్పటికీ కొరకరాని కొయ్యే. లండన్ సెయింట్ జైల్స్ చర్చిలో రికార్డు చేసిన ఆ ఆర్గాన్ వచ్చేచోట మాత్రం నాకు పాత మిక్సే ఇష్టం, తిట్టుకోకండి.