13 ఏళ్ల కుక్క మాత్ర ఉమ్మేస్తోంది, మీరెలా మింగిస్తున్నారు?

గోధుమతోక:
మా బంటీకి గుండె మాత్రలు రోజుకు రెండుసార్లు. మొదటి వారం చీజ్‌లో పెడితే గుటుక్కున మింగింది. ఇప్పుడు చీజ్ అంతా చప్పరించి మాత్రను కడిగినట్టు నేలమీద పెడుతోంది. నోరు తెరవబోతే గుర్రుమంటోంది. టైమ్ అయ్యేసరికి నాకే టెన్షన్.

నాలుగుకాళ్లు:
మూడు చికెన్ ముక్కలు తీసుకోండి. మొదటిది ఉత్తిది, రెండోదాంట్లో మాత్ర, మూడోది మళ్లీ ఉత్తిది. మూడోది కళ్లముందు ఊరిస్తుంటే రెండోది నమలకుండా మింగేస్తుంది. మాత్ర పట్టుకున్న చేత్తో మిగతావి ముట్టుకోకండి, వాసన పసిగడుతుంది. ముక్క కాస్త గోరువెచ్చగా ఉంటే ఇంకా నయం, ముసలి ముక్కుకు వాసన బాగా తగులుతుంది.

రాత్రిడ్యూటీ:
పొడి చేసి తిండిలో కలపాలని మాత్రం అనుకోకండి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్ర అలాగే కలిపాను. నోటినిండా నురగ! రెండు రోజులు ఆ గిన్నె వంకే చూడలేదు.

నాలుగుకాళ్లు:
అది పరమ చేదు కదండీ. పైన పూత ఉన్నవీ, మెల్లగా కరిగేవీ డాక్టర్‌ను అడగకుండా పొడి చేయకూడదు కూడా.

ముసలిదోస్తు:
గుండె జబ్బు అంటున్నారు కాబట్టి చీజ్ మానేయండి, ఉప్పెక్కువ. పీనట్ బటర్ వాడితే డబ్బా మీద జైలిటాల్ అనే చక్కెర బదులు వాడే తీపి పదార్థం ఉందేమో చూడండి, కుక్కలకు అది విషం. మీ గుండె మాత్ర పిమోబెండాన్ అనేదైతే తిండికి ఓ గంట ముందు వేయాలి, కాబట్టి ముక్క చిన్నదే పెట్టండి.

అసలు ఆ గుర్రుమనడం సంగతి చూడండి. మాదీ నోరు ముట్టుకోనిచ్చేది కాదు, మొండిదని రెండు నెలలు తిట్టాం. తీరా డాక్టర్ చూస్తే వెనక దవడ పన్ను కింద చీము. పన్ను తీశాక వారంలో మాత్ర చేతిలోంచే తీసుకుంది. దాన్ని తిట్టినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రాత్రిడ్యూటీ:
మెడనొప్పి ఉన్నా అంతే, తల పైకెత్తనివ్వదు. సిరప్ అయితే సిరంజి చెంప పక్కనుంచి పెట్టి కొంచెం కొంచెంగా వదలండి. నేరుగా గొంతులోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

గోధుమతోక:
పెదవి ఎత్తి చూస్తే ఒక పక్క చిగురు ఎర్రగా ఉంది. రేపు డాక్టర్ దగ్గరికి. ఈ సాయంత్రం మూడు ముక్కల ఉపాయం పారింది. కానీ సోఫా కింద ఊడిస్తే నాలుగు పాత మాత్రలు దొరికాయి! వాటి బదులు రెండేసి వేయాలా?

ముసలిదోస్తు:
వద్దండీ, డబుల్ డోస్ అస్సలు వద్దు. ఆ నాలుగూ రేపు డాక్టర్‌కు చూపించండి.